భూమి ప్రాణం తోడితే...

చుట్టూ కొండలు. కింద బొగ్గు. తాతల కాలం నుంచి ఊరంతా ఆ గని మీదే బతుకుతోంది. ఓ రోజు పట్నం నుంచి పెద్ద కంపెనీ మనుషులొచ్చారు. 'బొగ్గుకి కాలం చెల్లింది. ఇక్కడ కరెంటు కేంద్రం కడతాం. అందరికీ పనులొస్తాయి, ఊరు బాగుపడుతుంది' అన్నారు. పెద్దలంతా కూర్చుని మాట్లాడుకున్నారు. ఒక్కడు మాత్రం వద్దన్నాడు. బతుకులు మారతాయని అతని ప్రాణస్నేహితుడే నచ్చజెప్పాడు. కేంద్రం వచ్చింది. కొన్నాళ్లకి అందులో పేలుడు జరిగింది. నేరం ఊరివాళ్ల మీదికి నెట్టి, కంపెనీ సైనికులు ఊరిని తగలబెట్టారు. నచ్చజెప్పిన మనిషి భార్యను పోగొట్టుకున్నాడు, స్నేహితుణ్ని పోగొట్టుకున్నాడు, ఓ చెయ్యి కూడా పోగొట్టుకున్నాడు.

ఆ ఊరి పేరు కొరెల్. ఏ పటంలోనూ కనిపించదు. ఆ మనిషి పేరు బారెట్. 'ఫైనల్ ఫాంటసీ 7' అనే జపాన్ వీడియోగేమ్‌లో ఓ పాత్ర. కానీ ఎర్రగుంట్ల దగ్గర థర్మల్ కేంద్రం గొట్టాలు చూస్తూ పెరిగినవాళ్లకీ, పులివెందుల పక్కన వేముల మండలంలో యురేనియం గని సంగతి తెలిసినవాళ్లకీ ఈ కథ ఎక్కడో విన్నట్టే ఉంటుంది. వీడియోగేమ్ అంటే కాల్చడం, గుద్దడం, కారు తోలడం అనుకునే అమ్మానాన్నలకి మాత్రం ఆశ్చర్యంగా ఉంటుంది. ఆటలో ఇలాంటి కథలు కూడా ఉంటాయా అని!

నలభై గంటల నవల

స్క్వేర్ అనే కంపెనీ 1987లో 'ఫైనల్ ఫాంటసీ' పేరుతో మొదటి ఆట తెచ్చింది. సృష్టికర్త హిరొనొబు సకగుచి. ఆ వరసలో ఏడోది 1997 జనవరి 31న జపాన్‌లో విడుదలైంది. అప్పటిదాకా ఈ ఆటలన్నీ నింటెండో యంత్రాల మీదే వచ్చేవి. ఏడో ఆటకి కావలసిన బొమ్మలు, వీడియోలు క్యాసెట్లలో పట్టవని తేలడంతో స్క్వేర్ కొత్తగా వచ్చిన సోనీ ప్లేస్టేషన్ వైపు వెళ్లింది. ఆట మూడు సీడీల్లో వచ్చింది. ఇప్పటికి కోటికి పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. జపాన్ తరహా రోల్ ప్లేయింగ్ గేమ్‌లని ప్రపంచమంతటా ఇంటింటి మాట చేసింది ఇదే అంటారు.

రోల్ ప్లేయింగ్ అంటే వేషం కట్టడమే. తోలుబొమ్మలాటలో తెర వెనక మనిషి ఒక్కడే నలుగురి తరఫునా మాట్లాడినట్టు, ఇక్కడ ఆటగాడు ఓ బృందాన్ని నడిపిస్తాడు. ఊళ్లు తిరగాలి, మనుషులతో మాట్లాడాలి, సరుకులు కొనాలి, దారిలో ఎదురైన శత్రువులతో పోరాడాలి. గెలిచినకొద్దీ బలం పెరుగుతుంది, కథ ముందుకు సాగుతుంది. కథ పూర్తి కావాలంటే నలభై గంటలు పడుతుంది. మూలలన్నీ వెతికేవాళ్లకి అంతకు రెట్టింపు కూడా పట్టొచ్చు.

కథంతా మిడ్‌గార్ అనే మహానగరంలో మొదలవుతుంది. నగరం చుట్టూ ఎనిమిది రియాక్టర్లు. అవి భూమి లోపల్నుంచి 'మాకో' అనే శక్తిని తోడి కరెంటు చేస్తాయి. నడిపేది షిన్రా విద్యుత్ కంపెనీ. పేరుకి కరెంటు కంపెనీయే గానీ సైన్యం, పోలీసు, పరిపాలన అన్నీ దాని చేతిలోనే. డబ్బున్నవాళ్లు స్తంభాల మీద కట్టిన ఉక్కు పలక మీద ఉంటారు. లేనివాళ్లు ఆ పలక కింద, ఎండ సోకని మురికివాడల్లో ఉంటారు. మాకో అంటే మామూలు ఇంధనం కాదని, అది భూమి ప్రాణమని, చచ్చిన ప్రతి జీవీ అందులోనే కలిసి మళ్లీ పుడుతుందని ఆట సాగేకొద్దీ తెలుస్తుంది. దాన్ని తోడిన కొద్దీ నేల చచ్చిపోతుంది. బారెట్ నాయకత్వంలో కొందరు రియాక్టర్లని పేల్చడానికి బయల్దేరతారు. డబ్బులిస్తే ఎవరి తరఫునైనా పోరాడే క్లౌడ్ అనే కుర్రాడు వాళ్లతో చేరతాడు. ఆటగాడు నడిపేది ఇతన్నే.

రాయి పొదిగినట్టు

ఈ ఆట బలాల్లో మొదటిది పోరాటాల వెనక ఉన్న లెక్క. దీన్ని ప్రొద్దుటూరు బంగారు పనివాళ్లకి ఒక్క మాటలో చెప్పొచ్చు. కత్తికీ కవచానికీ కొన్ని గూళ్లుంటాయి. వాటిలో 'మటీరియా' అనే రాళ్లు పొదగాలి. ఒక రాయి నిప్పు కురిపిస్తుంది, ఒకటి గాయం మాన్పుతుంది, ఇంకొకటి దొంగతనం నేర్పుతుంది. పక్కపక్కన జోడించిన గూళ్లలో ఏ రాయి పక్కన ఏది పెట్టామన్నదాన్నిబట్టి కొత్త శక్తి పుడుతుంది. మాన్పే రాయి పక్కన 'అందరికీ' అనే రాయి పెడితే బృందం మొత్తానికి ఒకేసారి వైద్యం. రాళ్లని వాడిన కొద్దీ వాటికీ అనుభవం వస్తుంది. ఎవరు ఎలా పోరాడాలన్నది ముందే రాసిపెట్టి ఉండదు. మన పొదుగుని బట్టి ఉంటుంది. పదేళ్ల పిల్లాడు కూడా గంటలో పట్టుకుంటాడు, ముప్ఫయ్యేళ్లు వచ్చినవాడు కూడా కొత్త జోడీలు కనిపెడుతూనే ఉంటాడు. సులువుగా మొదలై లోతుగా సాగడమే మంచి ఆట లక్షణం.

ఈ మటీరియా కూడా గడ్డకట్టిన మాకోయే. అంటే భూమి ప్రాణం తోడొద్దని పోరాడేవాళ్లు, ఆ ప్రాణం ముక్కల్నే కత్తికి పొదిగి పోరాడుతున్నారన్నమాట! ఈ ఎత్తిపొడుపుని ఆట మన మొహాన కొట్టదు. అక్కడ ఉంచి ఊరుకుంటుంది.

పాట, కన్నీరు

రెండో బలం సంగీతం. స్వరకర్త నొబువొ ఉఎమత్సు ఏ గురువు దగ్గరా నేర్చుకున్నవాడు కాదు, సొంతంగా సాధన చేసినవాడు. చిన్న యంత్రంలో పుట్టిన ఆ బాణీలని తర్వాత పెద్దపెద్ద వాద్యబృందాలు వేదికల మీద వాయించాయి. ఆటంతా మాటలు తెర మీద అక్షరాలుగానే వస్తాయి, గొంతు వినపడదు. మనిషి గొంతు వినిపించేది చివరి పోరాటంలో వచ్చే బృందగానంలోనే. అంతసేపూ లేని గొంతు ఒక్కసారి లేవడంతో ఒళ్లు జలదరిస్తుంది.

మూడోది, ఆట ఆడినవాళ్లు ఇప్పటికీ మర్చిపోనిది ఓ మరణం. మురికివాడలో పాడుబడ్డ చర్చిలో పూలు పెంచి అమ్ముకునే ఏరిత్ అనే అమ్మాయి బృందంలో చేరుతుంది. ఆమెకి ఆటగాడు గంటల తరబడి బలం పెంచుతాడు, మంచి రాళ్లు పొదుగుతాడు. మొదటి సీడీ చివర్లో ఆమె చనిపోతుంది. సినిమాలో అయితే చూసి ఏడుస్తాం. ఇక్కడ మనం పెంచిన మనిషి పోతుంది. ఆమె నేర్చిన విద్యలన్నీ పోతాయి. బృందంలో ఆ చోటు ఖాళీగా మిగిలిపోతుంది. తర్వాతి ప్రతి పోరాటంలోనూ ఆ లోటు కనిపిస్తుంది. కథ చెప్పే విషయంలో ఏ పుస్తకమూ, ఏ సినిమా చేయలేని పని ఇది. సకగుచి తన తల్లి మరణం తర్వాత ప్రాణం అంటే ఏమిటన్న ఆలోచనలో పడ్డాడని, ఆ ఆలోచనే ఈ ఆటకి మూలమైందని చెబుతారు.

క్లౌడ్ పాత్రలోనూ ఓ మెలిక ఉంది. తన గతం గురించి అతను చెప్పేదంతా మనం నమ్ముతాం. సగం ఆటయ్యాక ఆ జ్ఞాపకాల్లో చాలావరకు అతనివి కావని తెలుస్తుంది. మనం నడిపిస్తున్న మనిషే మనకి తెలియకపోవడం 1997లో ఆటలకి కొత్త.

విసుగు పుట్టించేదెక్కడ?

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. అవీ చిన్నవి కావు.

మొదటిది, నడవనివ్వకపోవడం. ప్రొద్దుటూరులో బస్సెక్కి జమ్మలమడుగు వెళ్తుంటే, ప్రతి ఫర్లాంగుకీ ఎవరో బస్సాపి గొడవ పెట్టుకుంటే ఎలా ఉంటుంది? ఈ ఆటలో ప్రయాణం అంతే. నాలుగడుగులు వేస్తే చాలు, తెర గిర్రున తిరిగి పోరాటం మొదలు. శత్రువు ముందు కనపడడు, తప్పుకునే దారి ఉండదు. మొదట్లో సరదా, ముప్ఫయ్యో గంటకి శిక్ష.

రెండోది సాగదీత. పెద్ద మంత్రం వేసినప్పుడల్లా అదే దృశ్యం మొదట్నుంచి చివరిదాకా చూడాల్సిందే. అన్నింటికన్నా శక్తిమంతమైన 'నైట్స్ ఆఫ్ ద రౌండ్' మంత్రం వేస్తే పదమూడుమంది వీరులు ఒక్కొక్కరే వచ్చి ఒక్కో దెబ్బ వేసి వెళ్తారు. వాళ్లంతా అయ్యేలోపు వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి రావొచ్చు.

మూడోది ఆటని దాచుకునే పద్ధతి. పాత రూపంలో ఎక్కడపడితే అక్కడ ఆట భద్రపరచడం కుదరదు. ఊళ్ల బయట మైదానంలోనో, నిర్ణీత స్థలాల్లోనో మాత్రమే కుదురుతుంది. మధ్యలో చచ్చిపోయినా, కరెంటు పోయినా గంటసేపటి శ్రమ గాలికి పోయినట్టే. వేసవి కోతలు ఎరిగిన ఊళ్లలో ఈ లోపం బరువేమిటో వేరే చెప్పక్కర్లేదు. గంట లెక్కన డబ్బులు తీసుకునే గేమ్ పార్లర్లకీ ఇలాంటి ఆట సరిపడదు. అక్కడ క్రికెట్, కుస్తీ, కార్ల పందేలే నడుస్తాయి.

నాలుగోది భాష. ఆటంతా చదవడమే. ఇంగ్లిష్ అనువాదం చాలా తక్కువమందితో, హడావుడిగా జరిగింది. వ్యాకరణం తప్పిన వాక్యాలు, అర్థంకాని సంభాషణలు కోకొల్లలు. ఏరిత్ పేరు కూడా పాత రూపంలో 'ఏరిస్' అని పడింది. క్లౌడ్ గతం లాంటి మెలికపడ్డ కథలో వాక్యమే సరిగా లేకపోతే ఎంత తికమకో! తెలుగులో ఈ ఆట లేదు. తెలుగు మీడియం పిల్లలకి ఇది పెద్ద గోడే.

ఐదోది బొమ్మలు. వెనకాల చిత్రించిన నగరాలు ఇప్పటికీ బాగుంటాయి. వాటి ముందు నడిచే మనుషులు మాత్రం కొయ్యబొమ్మల్లా, చేతులకి వేళ్లు లేకుండా కనిపిస్తారు. ఏ తలుపు తెరుచుకుంటుందో, ఏది గోడో గుర్తుపట్టడం కష్టం.

వీటిలో కొన్నింటికి తర్వాత మందు దొరికింది. 2019లో వచ్చిన స్విచ్, ఎక్స్‌బాక్స్ రూపాల్లో ఆట వేగం మూడింతలు పెంచుకోవచ్చు, దారిలో పోరాటాలు రాకుండా ఆపుకోవచ్చు. ఫోన్లలోనూ ఆట దొరుకుతోంది. మరోవైపు, 2003లో ఎనిక్స్‌తో కలిసి స్క్వేర్ ఎనిక్స్‌గా మారిన కంపెనీ ఇదే కథని కొత్త హంగులతో మళ్లీ చెబుతోంది. మొదటి భాగం 'రీమేక్' 2020 ఏప్రిల్‌లో, రెండోది 'రీబర్త్' 2024 ఫిబ్రవరిలో వచ్చాయి. బొమ్మలు కళ్లు చెదిరేలా ఉన్నాయి, పాత్రలకి గొంతులొచ్చాయి. కానీ పాత ఆటలో ఐదారు గంటల్లో ముగిసే మిడ్‌గార్ ఘట్టాన్నే ఒక పూర్తి ఆటగా సాగదీశారు. ఒక జబ్బుకి మందిస్తే ఇంకో జబ్బు పట్టుకున్నట్టు!

కొరెల్ నుంచి తుమ్మలపల్లె దాకా

అసలైన లోపం మాత్రం బొమ్మల్లోనో అనువాదంలోనో లేదు. కథ లోపలే ఉంది. షిన్రా కంపెనీలో పెద్దలంతా పరమ దుర్మార్గులు. తమకి ఎదురుతిరిగినవాళ్లని తుడిచిపెట్టడానికి మురికివాడ మీద ఉక్కు పలకనే కూల్చేస్తారు. ఇంత చెడ్డవాళ్లుంటే ఎవరి పక్షం వహించాలన్న ప్రశ్నే రాదు. రియాక్టర్ పేల్చేయడమే పరిష్కారం అనిపిస్తుంది. నిజ జీవితం ఇంత సులువా?

కడప జిల్లానే చూడండి. ఎర్రగుంట్ల మండలం కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రంలో 1994లో మొదటి యూనిట్ మొదలైంది. ఎక్కడి నుంచో రైళ్లలో బొగ్గొస్తుంది. చుట్టుపక్కల బూడిద పడుతుంది. ఆ కరెంటుతోనే పొలాల్లో మోటార్లు తిరుగుతాయి. గండికోట జలాశయంలో 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ల ప్రొద్దుటూరు జనం పుట్టిన ఇళ్లు వదిలి పోవాల్సొచ్చింది. ఆ నీళ్లే ఎత్తిపోతలతో చిత్రావతి జలాశయానికి చేరి, పులివెందుల వైపు చీనీ, అరటి తోటలకి ఆధారమవుతున్నాయి. ఒక ఊరు మునిగితే ఇంకో ఊరి తోట పచ్చబడింది. ఇందులో షిన్రా ఎవరు?

తుమ్మలపల్లె సంగతి మరీ దగ్గరగా ఉంటుంది. అక్కడ గనికీ శుద్ధి కర్మాగారానికీ 2007లో శంకుస్థాపన జరిగింది. నడిపేది కేంద్రప్రభుత్వ సంస్థ యూసీఐఎల్. 49 వేల టన్నుల యురేనియం ఖాయంగా ఉందని, అది లక్షన్నర టన్నుల దాకా పెరగొచ్చని 2011లో అణుశక్తి సంఘం అధ్యక్షుడు ప్రకటించినప్పుడు ప్రపంచమంతా ఇటు చూసింది. కొందరికి ఉద్యోగాలొచ్చాయి. వ్యర్థాల చెరువు దగ్గర్లోని కె.కె.కొట్టాల రైతులు తమ బోర్ల నీళ్లు చెడిపోయాయని, తోటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు చేశారు. కాలుష్యం తమవల్ల కాదని సంస్థ అంది. ఒకే ఇంట్లో ఒకరు గనికి పోతే, ఇంకొకరు బోరు నీళ్ల కోసం బెంగపడే ఊళ్లలో కథ మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని రెండుగా చీలదు.

ఆటలో ఈ చిక్కుని అర్థం చేసుకున్న ఘట్టం ఒకటే ఒకటి, కొరెల్. అక్కడ కంపెనీ బలవంతంగా రాలేదు. ఊరే ఒప్పుకుంది. బొగ్గుకి గిరాకీ లేదు, పిల్లల భవిష్యత్తు కావాలి. సరేనన్న బారెట్ దుర్మార్గుడు కాదు, ఆశపడ్డవాడు. ఏళ్ల తర్వాత తిరిగి వెళ్తే, ఊరివాళ్లు అతన్ని తిట్టిపోస్తారు. అతను ఎదురు మాట్లాడడు. రియాక్టర్ల మీద అతని కోపంలో సగం తన మీదే అని అప్పుడు తెలుస్తుంది. పైగా ఆట మొదట్లో అతను పేల్చిన రియాక్టర్ వల్ల చనిపోయిన అమాయకుల లెక్క కూడా తర్వాత ఒకరు అతని ముందు పెడతారు. అప్పుడూ అతని దగ్గర సరైన జవాబుండదు.

ముగింపులో మాత్రం ఆట తప్పించుకుంటుంది. మాకో ఆగిపోయాక జనం దీపం ఎలా వెలిగించుకున్నారు? అన్నం ఎలా వండుకున్నారు? చెప్పదు. ఒక్కసారిగా 500 ఏళ్లు ముందుకు దూకి, చెట్లు కప్పేసిన మిడ్‌గార్ శిథిలాలు చూపిస్తుంది. అందమైన దృశ్యమే గానీ, మధ్యలోని ఐదువందల ఏళ్లే కదా మనుషులు బతకాల్సింది! 2005లో ఈ కథకి కొనసాగింపుగా వచ్చిన యానిమేషన్ చిత్రం 'అడ్వెంట్ చిల్డ్రన్'లో జవాబు చూచాయగా దొరుకుతుంది. అందులో బారెట్ దేశాలు పట్టి తిరుగుతూ ఏం వెతుకుతుంటాడో తెలుసా? చమురు! భూమిని తోడొద్దని పోరాడినవాడే మళ్లీ భూమిని తవ్వే పనిలో పడ్డాడు. నవ్వొస్తుంది, ఆ వెంటనే నవ్వు ఆగిపోతుంది.

పిల్లల చేతికి ఇవ్వొచ్చా?

అమెరికాలో ఈ ఆటకి పదమూడేళ్లు దాటినవాళ్లకి అని ముద్ర వేశారు. అది సబబే. నెత్తురు తక్కువే గానీ, బూతు మాటలున్నాయి, ఆడపిల్లల్ని బజారు సరుకుగా చూసే దృశ్యాలున్నాయి, ఊళ్లు తగలబడటం ఉంది. చిన్నపిల్లలకి వద్దు. హైస్కూలు పిల్లలైతే నలభై గంటలని వారానికి రెండు మూడు గంటలుగా పంచుకుంటే మంచిది. సెలవుల్లో రాత్రింబవళ్లు కూర్చుంటే ఆట మిగలదు, కళ్లమంటే మిగులుతుంది. ఏరిత్ చనిపోయిన రోజు పిల్లాడు అన్నం దగ్గర మాట్లాడకపోతే కంగారు పడక్కర్లేదు. పక్కన కూర్చుని ఏమైందని అడిగితే చాలు, నలుగురి కథ గంటసేపు చెబుతాడు.

కొరెల్ ఘట్టం వచ్చిన రోజు మాత్రం పెద్దవాళ్లు కూడా ఓ పావుగంట పక్కన కూర్చోవడం మంచిది. కంపెనీ వచ్చినప్పుడు ఊరు ఏమడగాల్సింది? సరేనన్నవాడిదే తప్పా? వద్దన్నవాడి మాట ఎందుకు వినలేదు? నీళ్లు చెడితే ఎవరు పూచీ అని ముందే కాగితం మీద రాయించుకుని ఉంటే ఏమయ్యేది? ఈ ప్రశ్నలకి జపాన్ ఆటలో జవాబుల్లేవు. జవాబు చెప్పగలిగిన తాతలు, మేనమామలు వేములలో, కొండాపురంలో, ఎర్రగుంట్లలో ఉన్నారు. ఆట ఆపి, వాళ్లని అడిగే పిల్లాడికి నలభై గంటలు వృథా కానట్టే.